తెలిసిన పేర్లు, తెలియని నగరం

విహారయాత్రలో చివరి రోజు తీరే వేరు. శరీరం ఇంకా పరదేశంలో ఉంటుంది. మనస్సు మాత్రం అప్పటికే ఇంటి గుమ్మం చేరి పాలవాని లెక్కను, పిల్లల పరీక్షలను, కార్యాలయంలో పేరుకున్న కాగితాలను తలచుకుంటూ ఉంటుంది. మధ్యాహ్నానికి గది ఖాళీ చేయాలి. రాత్రికి విమానం ఎక్కాలి. జేబులో మిగిలిన విదేశపు నాణాలను ఎలాగైనా వదిలించుకోవాలి. థాయిలాండు వెళ్ళే భారతీయులలో అనేకులు తక్కిన రోజులన్నీ సముద్రతీరాలలోనూ దీవులలోనూ గడిపి, ఈ చివరి రోజును రాజధాని అయిన బాంకాక్‌కు విడిచిపెడతారు. అది కూడా పెద్ద పెద్ద అంగళ్ళలో బేరాలతోనే తెల్లవారి, బేరాలతోనే అస్తమిస్తుంది. ఇంటికి వచ్చిన పెట్టెలో సంచులు, బొమ్మలు, బట్టలు ఉంటాయి. చూసి వచ్చిన నగరం మాత్రం ఉండదు.

అలా చేజార్చుకోదగిన నగరం కాదు బాంకాక్. భారతీయునికైతే అసలే కాదు.

బాంకాక్ అన్నది విదేశీయుల నోట నిలిచిన పేరు. నగరవాసులు తమ ఊరిని ‘క్రుంగ్ థేప్’ అంటారు. క్రుంగ్ అంటే రాజధాని. థేప్ అన్నది మన ‘దేవ’ శబ్దమే. దేవతల రాజధాని అని భావం. ఇది కూడా సంక్షేప నామం మాత్రమే. పూర్తి పేరును ఏదో చక్రవర్తి బిరుదావళిలాగా ఊపిరి బిగపట్టి చదవవలసిందే. థాయి ఉచ్చారణను తొలగించి అందులోని మాటలను వాటి సంస్కృత, పాలీ రూపాలలో పెట్టి చూస్తే మహానగరం, అయోధ్య, మహాతిలకం, నవరత్నం, రాజధాని, ఉత్తమ రాజనివేశనం, మహాస్థానం, అమరవిమానం, అవతారం, శక్రదత్తం, విశ్వకర్మ అనే శబ్దాలు వరుసగా ఎదురవుతాయి. ఇంద్రుడు ప్రసాదించగా విశ్వకర్మ నిర్మించిన పురమని చివరి మాటల తాత్పర్యం. రోమన్ లిపిలో రాస్తే ఈ పేరుకు 168 అక్షరాలు అవుతాయి. ప్రపంచంలో అతి దీర్ఘమైన స్థలనామంగా ఇది గిన్నిస్ గ్రంథానికి ఎక్కింది.

ఊరి పేరు అటుంచి, గోడకు వేలాడే క్యాలెండరు చూసినా ఇదే అనుభవం. ఆదివారం ‘వన్ ఆథిత్’, అంటే ఆదిత్యవారం. సోమవారం ‘వన్ చన్’, చంద్రవారం. బుధవారం ‘వన్ ఫుత్’, శుక్రవారం ‘వన్ సుక్’. నెలల పేర్లు ఇంకా ముచ్చటైనవి. జనవరి ‘మకరాఖోమ్’: మకరము, ఆగమము అనే రెండు మాటల కలయిక. ఏప్రిల్ ‘మేసాయోన్’: మేషము, ఆయనము. ముప్ఫైయొక్క రోజుల నెలలన్నీ ‘ఖోమ్’ అనీ, ముప్ఫై రోజుల నెలలన్నీ ‘యోన్’ అనీ ముగుస్తాయి. నెల పేరు వినగానే అందులో ఎన్ని రోజులో తెలిసిపోతుంది. ఇంత సులభమైన ఏర్పాటు మన పంచాంగంలో గాని, ఆంగ్లేయుల క్యాలెండరులో గాని లేదు. ఇక అక్కడి సంవత్సరం బుద్ధశకం. క్రీస్తుశకానికి 543 కలిపితే అది వస్తుంది.

ఇన్ని పరిచిత నామాలు చెవిన పడేసరికి భారతీయ యాత్రికునికి గర్వం కలగడం సహజమే. ‘ఇదంతా మనదే కదా!’ అన్న మాట అప్రయత్నంగా నోట వస్తుంది. వినడానికి అది ఆత్మీయంగానే ఉంటుంది గాని, చూపును మందగింపజేసే మాట కూడా అదే. తనదే అనుకున్న వస్తువును మనిషి నిదానించి చూడడు. కనుక ఈ నగరంలో ఉన్న ఒక్క రోజూ సార్థకం కావాలంటే, తెలిసిన పేరు వినిపించిన ప్రతి చోటా ఒక్క క్షణం ఆగి, నిజంగా ఇది మనకు తెలిసినదేనా అని ప్రశ్నించుకోవడం మంచిది.

ఉదయాన్నే రాజభవనంతో ప్రారంభించాలి. నగరంలో స్తంభాల మీద నడిచే రైలులో సఫాన్ తాక్సిన్ అనే చోట దిగి, అక్కడి రేవులో పడవ ఎక్కితే చావ్ ప్రయా నది మీదుగా రాజభవనం రేవు చేరవచ్చు. వాహనాల రద్దీలో చిక్కుకోకుండా ఊరిని దాని పుట్టుక వైపు నుంచి చూడడానికి ఇదే మార్గం. ఎందుకంటే ఈ నగరం నదిని నమ్ముకొని పుట్టినది. అయోధ్య పేరు పెట్టుకొని నాలుగు శతాబ్దాలకు పైగా వర్ధిల్లిన పూర్వ రాజధాని అయుత్థయను 1767లో బర్మా సేనలు నేలమట్టం చేశాయి. తాక్సిన్ అనే సేనాని నది పడమటి గట్టున థోన్‌బురిలో రాజ్యాన్ని తిరిగి నిలబెట్టాడు. ఆయన అనంతరం 1782లో సింహాసనమెక్కిన మొదటి రాముడు రాజధానిని తూర్పు గట్టుకు మార్చి, పోయిన అయోధ్యను పేరులో నిలుపుకొని ఈ నగరాన్ని కట్టించాడు. ఆయన వంశమే నేటికీ రాజ్యం చేస్తున్నది. 2016లో రాజైన వజిరలాంగ్‌కార్న్ ఆ వరుసలో పదవ రాముడు.

రాజభవనం గోడ వెంట నడిచే పరదేశిని చక్కని ఇంగ్లీషులో పలకరించి, ‘ఈవేళ భవనం మూసివేశారు, మరొక మంచి చోటు చూపిస్తాను’ అనే పెద్దమనుషులు ఏనాటినుంచో ఉన్నారు. వారు ఎక్కించే టక్‌టక్ బండి చివరకు ఏ రత్నాల దుకాణం ముందో ఆగుతుంది. ఎవరేమి చెప్పినా ద్వారం దాకా వెళ్ళి స్వయంగా చూసుకోవడమే దానికి విరుగుడు. భుజాలూ మోకాళ్ళూ కప్పే దుస్తులు తప్పనిసరి. చీరకూ పంచెకూ బెంగలేదు, నిక్కర్లకు మాత్రం లోపల చోటు లేదు.

రాజభవన ప్రాంగణంలోని ఆలయం పేరు వాట్ ఫ్రా కేవ్. అందులోని మరకత బుద్ధుని ఎత్తు సుమారు 66 సెంటీమీటర్లు. పేరుకు మరకతమే గాని విగ్రహం జేడ్ వంటి ఆకుపచ్చని రాయి. ఎండాకాలం, వానకాలం, చలికాలం మారినప్పుడల్లా రాజు చేతిమీదుగా స్వామికి బంగారు వస్త్రాలు మారుస్తారు. అయితే లోపలికి పోకముందే యాత్రికుని నిలువరించేవారు వేరే ఉన్నారు. ఆలయ ద్వారాల దగ్గర గదలు పట్టుకొని ఆరు జంటల రాక్షసులు నిలబడి ఉంటారు. వారిలో ఆకుపచ్చని శరీరం, తలపైన తలగా పేర్చిన ముఖాలు గల రాక్షసుని పేరు తోసకాన్. ఆ పేరును కొంచెం నిదానంగా పలికితే దశకంఠుడు బయటపడతాడు. దసరానాడు ఉత్తరదేశంలో ఏటేటా దహనమయ్యే రావణుడు ఇక్కడ బుద్ధునికి ద్వారపాలకుడు! ఓడిన శత్రువును కాల్చివేయడం ఒక పద్ధతి. అతని బలాన్ని ధర్మానికి కాపలా పెట్టడం మరొక పద్ధతి. రెండూ ఒకే కథలోనుంచి వచ్చినవే.

ఆలయాన్ని చుట్టి ఉన్న మంటపంలో 178 కుడ్యచిత్రాలుగా రామకథ సాగుతుంది. థాయి భాషలో దీని పేరు ‘రామకియెన్’, అంటే రామకీర్తి. మొదటి రాముడు 1797లో దీనిని సమగ్రంగా కూర్పించాడు. సాధారణంగా భారతీయ యాత్రికులు ఇక్కడ ‘అదుగో రాముడు, ఇదుగో హనుమంతుడు’ అని గుర్తుపట్టి, ఛాయాచిత్రాలు తీసుకొని ముందుకు సాగిపోతారు. కాని ఆగి చూస్తే హనుమంతుడు మనవాడిలాగా ఉండడు. ఒళ్ళంతా తెలుపు, మనసు నిండా సరసం. సేతువును చెడగొట్టడానికి తోసకాన్ పంపిన అతని కూతురు, మత్స్యకన్య అయిన సువర్ణమత్స్యను వలచి వశపరచుకుంటాడు. వారికి పుట్టినవాడు మచ్ఛాను: కోతి శరీరం, చేప తోక. ఆ పైన ‘మయ్యరాబ్’ అనే పాతాళ రాక్షసుడు రాముణ్ణి అపహరించినప్పుడు, వెదుకుతూ పోయిన హనుమంతునికి దారి అడ్డగించి నిలిచేది ఆ కొడుకే.

తెలుగువారికి ఇక్కడ ఏదో జ్ఞాపకం వస్తుంది. మయ్యరాబ్ మరెవరో కాదు, మన మైరావణుడు. మచ్ఛాను మన మత్స్యవల్లభుడు. మన కథలో హనుమంతుడు రాముని రక్షణకు తన తోకతో కోట కడతాడు. వారి కథలో శరీరాన్ని పెంచి, రాముని విడిదిని నోటిలో పెట్టుకొని కాపాడతాడు. ఆ దృశ్యం గోడమీద చూసి తీరవలసినది. హనుమంతుని బ్రహ్మచర్యానికి భంగం రాకుండా తెలుగు కథకుడు ఒక్క చెమటబొట్టును ఆశ్రయించాడు: సముద్రంలో రాలిన ఆ బొట్టును చేప మింగితే మత్స్యవల్లభుడు పుట్టాడన్నాడు. థాయి కథకునికి ఆ జాగ్రత్త అవసరమనిపించలేదు. వాల్మీకి రామాయణంలో ఈ రెండు కథలూ లేవు. అలాంటప్పుడు మనది అసలు, వారిది మార్పు అని తీర్పు చెప్పడం ఎట్లా? రామకథను ఎవరి ఇంట్లో వారు పెంచుకున్నారు. ఈ సంగతి ఇంట్లో ఉండగా తట్టదు. పరదేశపు గోడ ముందు నిలబడినప్పుడు తడుతుంది.

రాజభవనానికి దక్షిణాన, నడిచిపోయే దూరంలో వాట్ ఫో ఉన్నది. శయన బుద్ధుని పొడవు 46 మీటర్లు, ఎత్తు 15 మీటర్లు. అరికాళ్ళలో ముత్యపు చిప్పతో పొదిగిన 108 మంగళచిహ్నాలు ఉన్నాయి. గోడ వెంట వరుసగా ఉంచిన 108 కంచు పాత్రలలో భక్తులు ఒక్కొక్క నాణెం వేస్తూ సాగుతుంటే, ఆ సన్నని చప్పుడు హాలంతా వానచినుకుల్లా వినిపిస్తుంది. మిగిలిన చిల్లర నాణాలకు ఇంతకంటె మంచి గతి లేదు. ఈ ఆలయానికి అధికార నామంలోని ‘చేతుఫొన్’ శ్రావస్తిలోని జేతవనం. అవరణలో ఒళ్ళు విరుచుకుంటూ, కాళ్ళు చాపుతూ కనిపించే బొమ్మలు ఋషులవి. అవి వ్యాయామ పాఠాలు. 19వ శతాబ్దంలో మూడవ రాముడు వైద్యం మొదలైన విద్యలను చలువరాతి పలకలపై చెక్కించి ఇక్కడ ప్రజలకు అందుబాటులో పెట్టాడు. ఆ శాసనాలను 2011లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. ప్రపంచమంతా వెళ్ళిన థాయి మర్దన విద్యకు ప్రధాన పాఠశాల ఈనాటికీ ఈ ప్రాంగణమే. వారు తమ వైద్యానికి మూలపురుషునిగా తలచేది బుద్ధుని వైద్యుడైన జీవకుణ్ణి. జీవకుని పేరు మన వైద్యులలో ఎందరికి తెలుసు?

ఎదుటి గట్టున కనిపించే శిఖరం వాట్ అరుణ్. సూర్యుని సారథి అయిన అరుణుని పేరిట వెలసిన ఆలయం. చిన్న పడవలో నది దాటితే చేరవచ్చు. దూరానికి రాతి చెక్కడంలా కనిపించే ఆ గోపురం దగ్గరకు పోయేసరికి పింగాణీ ముక్కల పూలతోటగా మారుతుంది. చీనా దేశపు పింగాణీ పగిలి పెంకులైతే, ఆ పెంకులనే పూవులుగా ఆకులుగా అతికించారు. పై అంతస్తు గూళ్ళలో ఇంద్రుడు ‘ఎరవాన్’ మీద ఆసీనుడై ఉంటాడు. ఎరవాన్ ఐరావతమే, అయితే ఇక్కడ దానికి మూడు తలలు.

తిరిగి తూర్పు గట్టుకు వచ్చి ఊరి లోపలికి కొంచెం దూరం పోతే, రహదారి నడుమ ఎర్రని రంగు వేసిన రెండు మహాస్తంభాలు కనిపిస్తాయి. దానిని ‘సావో చింగ్ చా’ అంటారు. పెద్ద ఊయల అని అర్థం. మొదట కట్టినది 1784లో. ఇప్పుడున్నది టేకు దూలాలతో 2007లో పునర్నిర్మించినది. పక్కనే ‘థేవసథాన్’, అంటే దేవస్థానం. రాజాస్థాన బ్రాహ్మణుల ఆలయమిది. ఏటా పుష్యమాస ప్రాంతంలో శివుడు భూమికి దిగి వస్తాడని నమ్మి చేసే ఉత్సవంలో, యువకులు ఈ ఊయల మీద ఆకాశమంత ఎత్తుకు ఊగి, వెదురుకు కట్టిన నాణాల సంచిని పళ్ళతో అందుకునేవారు. 1935లో ఊయల ఆగిపోయింది. ఆలయంలోని పూజ మాత్రం ఆగలేదు.

ఆ ఉత్సవం పేరు ‘త్రియంపవాయ్, త్రిపవాయ్’. మొదటిది మాణిక్యవాచకర్ తమిళంలో రచించిన తిరువెంబావై; రెండవది ఆండాళ్ తిరుప్పావై. ధనుర్మాసపు తెల్లవారుజామున తిరుమలలో సుప్రభాతానికి బదులు వినిపించే ఆ తిరుప్పావై పేరే సముద్రాల కావల, శివవైష్ణవ భేదం లేకుండా ఒకే ఉత్సవంలో నిలిచి ఉన్నది. భాష మరుగున పడింది. అర్థం చెప్పగలవారు లేకుండా పోయారు. అయినా తరతరాలుగా పఠనం మానలేదు. అర్థం తెలిసిన మనం ఎంతవరకు నిలుపుకున్నామన్న ప్రశ్న ఇక్కడ ఎదురవుతుంది. ఈ బ్రాహ్మణులే ఏటా వేసవి చివర రాజభవనం పక్కనున్న సనామ్ లువాంగ్ మైదానంలో రాజలాంఛనాలతో తొలి నాగలి కట్టిస్తారు. ఎద్దుల ముందు వడ్లు, మొక్కజొన్నలు, నువ్వులు, గడ్డి, నీళ్ళు మొదలైన ఏడు వస్తువులు ఉంచి, అవి దేనిని ముట్టుకుంటే దానినిబట్టి ఆ ఏటి పంటను ఊహిస్తారు. మన ఏరువాకను ఎరిగిన రైతుకు ఈ వేడుకకు వ్యాఖ్యానం అక్కరలేదు.

ఊయల నుంచి సాయంకాలానికి బంగారుకొండ చేరవచ్చు. కొండ అనడమే గాని అది మనుషులు పోసినది. మూడవ రాముడు తలపెట్టిన స్తూపం మెత్తని నేలలో కుంగి కూలిపోగా, ఆ ఇటుకల గుట్ట మీదనే తరువాతి రాజులు ఈ స్తూపాన్ని లేపారు. మూడు వందలకు పైగా మెట్లు ఎక్కితే నగరం నలుదిక్కులా పరచుకొని కనిపిస్తుంది. ఈ స్తూపగర్భంలో ఉన్నది భారతదేశపు కానుక. 1898లో నేటి ఉత్తరప్రదేశ్‌లోని పిప్రాహ్వా స్తూపాన్ని తవ్వినప్పుడు బుద్ధునివిగా భావించే అస్థికలు దొరికాయి. ఆనాటి బ్రిటిషు ప్రభుత్వం వాటిని సయాం రాజైన చూళాలాంగ్‌కార్న్‌కు అప్పగించింది. ఆయన వాటిలో కొంత భాగాన్ని బర్మాకు, సింహళానికి పంచి, ఇక్కడ కొంత ప్రతిష్ఠించాడు. అదే స్తూపంలో దొరికిన రత్నాలలో కొన్ని తవ్వకం జరిపించిన ఆంగ్లేయుని వారసుల వద్ద ఉండిపోయాయి. 2025లో అవి వేలానికి వచ్చాయి. భారత ప్రభుత్వం అభ్యంతరపెట్టగా వేలం నిలిచిపోయి, ఆ ఏడాదే స్వదేశం చేరాయి. రత్నాలు తిరిగి రావడం న్యాయమే. అస్థికలను తిరిగి రమ్మని పిలవవలసిన అవసరం మాత్రం లేదు. అవి పూజ జరిగే చోటనే ఉన్నాయి.

కొండ దిగితే సేన్ సేప్ కాలువ. 1837లో తవ్వడం మొదలుపెట్టినది. నగరపు కాలువలు అనేకం పూడిపోయి వీధులైనా, ఇందులో నేటికీ కార్యాలయాల జనంతో పడవలు పరుగెత్తుతుంటాయి. ఆ పడవలో తూర్పు దిశగా వెళితే ఎత్తైన అంగళ్ళ నడుమ ఎరవాన్ కూడలి దగ్గరపడుతుంది. 1950లలో అక్కడ ఒక హోటలు కడుతుండగా వరుసగా అపశకునాలు కలిగాయనీ, జ్యోతిష్కుని సలహాపై 1956లో చతుర్ముఖ బ్రహ్మను ప్రతిష్ఠించారనీ చెబుతారు. బంతిపూల దండలు, అగరువత్తులు, చెక్క ఏనుగులు, మొక్కు తీరినవారు చేయించే నాట్యాలు: రాత్రింబవళ్ళు సందడే. మన దేశంలో బ్రహ్మకు ఆలయాలు అరుదు. పుష్కరం ప్రసిద్ధం, తెలుగునాట గుంటూరు జిల్లా చేబ్రోలులో ఒకటి ఉన్నది. ఇక్కడ ఆ బ్రహ్మకు వీధి కూడలిలో తీరిక లేదు. 2015 ఆగస్టు 17న ఈ స్థలంలోనే బాంబు పేలి 20 మంది మరణించారు. రెండు రోజులలోనే గుడి తిరిగి తెరుచుకున్నది. దండలతో జనం మళ్ళీ వచ్చారు. చాలాకాలం మనం మొక్కడం మానిన దేవుని మీద మరొక జాతికి ఉన్న విశ్వాసం అది.

అంగళ్ళకు వెళ్ళేవారు వెళ్ళవచ్చు. అవి ఆ కూడలి చుట్టూనే ఉన్నాయి. పెట్టెలు తెచ్చుకొని ఫయాథాయి స్టేషనులో విమానాశ్రయపు రైలు ఎక్కితే అరగంటలోపు చేరుకోవచ్చు. 2006లో తెరిచిన ఆ విమానాశ్రయం పేరు సువర్ణభూమి. రాసేది అలాగే, పలికేది ‘సువన్నపూమ్’. భద్రతా తనిఖీలు ముగించుకొని లోపలికి అడుగుపెట్టిన యాత్రికునికి ఎదురుగా క్షీరసాగర మథనం దర్శనమిస్తుంది: మందరగిరి మీద విష్ణువు, వాసుకిని ఒకవైపు దేవతలూ మరొకవైపు అసురులూ పట్టుకొని లాగుతూ నిలువెత్తు వర్ణశిల్పాలు. పోతన భాగవతం చదివినవారికి కథ తెలిసినదే. అయితే కిరీటాల తీరు, ముఖాల కవళికలు, నిలుచున్న భంగిమలు మనవి కావు, ఆ శిల్పులవి. చెరొక వైపు లాగే రెండు జట్లకూ పాము ఒక్కటే, అమృతం మీది ఆశా ఒక్కటే.

అక్కడ కొన్ని నిమిషాలు నిలబడడానికి సమయం ఉంటుంది. చేతిలో సంచులు ఎన్ని ఉన్నా ఫరవాలేదు. ఇంటికి చేరిన తరువాత ఆ యాత్రికునికి మైరావణుని కథ మరొకసారి చదవాలనో, మత్స్యవల్లభుడెవరో పిల్లలకు చెప్పాలనో అనిపిస్తే, ఆ చివరి రోజు వ్యర్థం కానట్లే.